పచ్చిదైనా మండుతుందిలే!

(సోంపేట ప్రాంతంలోని ఒక ఊరి గ్రంథాలయంలో, గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా, విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడొకరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు మరొక్కసారి నమస్కారం. వాళ్ళు బిస్కెట్ల కోసం వచ్చారు. బిస్కెట్లు ప్రసంగం అయ్యాకే అని ఇప్పుడే తెలిసింది. పాపం, ఇక కదలలేరు.

గ్రంథాలయంవారు నాకు ఫోను చేసి, "మాస్టారూ, ఈ ఏడు ఏ పుస్తకం గురించి మాట్లాడతారు?" అని అడిగారు. పుస్తకం కాదండీ, వంటచెరకు గురించి మాట్లాడతాను అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత మెల్లగా, "గ్యాసు వచ్చేసింది కదా మాస్టారూ" అన్నారు. వచ్చింది. కాదనను. దాని లెక్క కూడా చెబుతాను. కానీ ఇక్కడ కూర్చున్నవారిలో ఎవరింట్లో కట్టెపుల్ల లేదు? చేతులెత్తండి. చూశారా? ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకరు బ్యాంకు మేనేజరుగారు, ఆయనది అద్దె ఇల్లు.

రామాయణం మూడు ముక్కల్లో చెప్పమంటే ఏమంటారు? కట్టె, కొట్టె, తెచ్చె. వారధి కట్టె, రావణుణ్ణి కొట్టె, సీతను తెచ్చె. మా నాయనమ్మ మాత్రం, "మా రామాయణం కూడా అదేరా, కట్టె కొట్టి తెచ్చేదాకా పొయ్యి వెలగదు" అనేది. ఆ రామాయణంలోనే పుట్టి పెరిగినవాణ్ణి నేను. మా నాన్నది కట్టెల అడితి. ఒక పెంకుటిల్లు, ముందు పెద్ద ఖాళీ స్థలం, అందులో పేర్చిన కట్టెల వరుసలు, గుమ్మం దగ్గర వేలాడదీసిన పెద్ద త్రాసు. ఆ వరుసల మధ్యే దాగుడుమూతలు ఆడాను. ఆ త్రాసు పళ్ళెంలో కూర్చుని ఊగి దెబ్బలు తిన్నాను. తర్వాత చదువుకుని, భౌతికశాస్త్రం పాఠాలు చెప్పుకుని బతికాను. అడితిలో చూసినదానికి అర్థం తరగతి గదిలో తెలిసింది. తెలిసేసరికి చాలా ఆలస్యమైంది. ఎందుకన్నానో చెబుతాను.

బల్ల మీద రెండు కర్రలున్నాయి. కనబడుతున్నాయా? వాటిని ఎవరూ ముట్టుకోకండి. వాటి పని చివర్లో.

మా అడితిలో చింత ఉండేది, తుమ్మ ఉండేది, ముసలి మామిడి ఉండేది, జీడిమామిడి ఉండేది. కానీ నూటికి తొంభై పాళ్ళు ఒక్కటే, సరుగుడు. బారువ నుంచి కళింగపట్నం దాకా, అటు పూసపాటిరేగ, భోగాపురం దాకా తీరం వెంబడి ఇసుకలో ఏముంటుంది? కొబ్బరి, జీడి, సరుగుడు. పందిరి రాట సరుగుడు. మేస్త్రీ పరంజా సరుగుడు. పాక నిట్టాడ సరుగుడు. వీటిలో దేనికీ పనికిరాని వంకర కర్ర పొయ్యిలోకి. కాబట్టి ఇవాళ నా కథానాయకుడు సరుగుడు. మరి ప్రతినాయకుడు? అది కూడా సరుగుడే. నవ్వకండి, అక్కడికే వస్తున్నాను.

ముందు ఈ చెట్టు ఎవరో తెలుసుకుందాం. పట్నం నుంచి వచ్చిన చుట్టాలు బారువ తీరానికి వెళ్ళి, "అబ్బ, పైన్ చెట్లు ఎంత బాగున్నాయో" అంటారు. నేను సరిదిద్దుతాను. వాళ్ళకు నచ్చదు. సూదుల్లాంటి ఆకులున్నాయి, కొండ దేవదారుకు ఉన్నట్టు గట్టి కాయలున్నాయి, గాలి వీస్తే హోరు కూడా అదే. అయినా ఇది పైన్ కాదు. ఇది పూసే చెట్టు. మనం ఆకు అనుకునేది ఆకు కాదు, సన్నటి కొమ్మ. పిల్లలూ, రేపు ఒక పచ్చటి పోగు తెంపి రెండు చేతులతో లాగండి. గణుపు దగ్గర పుటుక్కుమని ఊడుతుంది. ఊడినచోట కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూడండి, చిన్న చిన్న పళ్ళు చుట్టూ ఆరేడు ఉంటాయి. అవీ ఆకులు! మా చిన్నప్పుడు ఒక ఆట ఉండేది. పోగును ఒకచోట ఊడదీసి మళ్ళీ అతికించి, ఎక్కడ విరిచానో చెప్పుకో అని పందెం. అంత సన్నగా అతుక్కుంటుంది. ఇప్పుడు ఆ ఆట ఎవరూ ఆడుతున్నట్టు లేదు.

చెక్కల శాస్త్రంలో రెండు కులాలున్నాయి. మెత్తని కలప, గట్టి కలప. పైన్, దేవదారు వంటివి మొదటి దాంట్లో, పూసే చెట్లన్నీ రెండో దాంట్లో. చేతికి గట్టిగా ఉందా మెత్తగా ఉందా అన్నదానితో సంబంధం లేదు. బూరుగు కర్రలో గోరు దిగుతుంది, అయినా శాస్త్రం దాన్ని గట్టి కలప అనే అంటుంది. మన సరుగుడు మాత్రం పేరుకీ గట్టిదే, గొడ్డలికీ గట్టిదే. చాలా కలపలు నీళ్ళలో తేలుతాయి. అప్పుడే నరికిన ముదురు సరుగుడు దుంగను చెరువులో వేస్తే మునిగినా మునుగుతుంది. అంత చిక్కన.

ఇది అండమాను తీరంలో సహజంగా పెరుగుతుంది. మన తీరానికి మాత్రం తెచ్చి నాటినదే. పంతొమ్మిదో శతాబ్దంలో, 1860ల కాలంలో, మద్రాసు వైపు ఇసుక నేలల్లో తోటలు వేశారు. ఎందుకు? నీడకా? అందానికా? రైలింజన్లకు కట్టెల కోసం! బొగ్గు దూరం నుంచి రావాలి, ఖర్చు. ఇసుకలో ఏ పంటా రాదు. ఈ చెట్టు వస్తుంది. ఎందుకొస్తుంది అంటారా? మీ వేరుశనగ వేళ్ళకు బుడిపెలుంటాయి కదా, గాలిలోని నత్రజనిని పట్టుకునేవి. దీని వేళ్ళకూ అలాంటివే ఉంటాయి. అందులో ఉండే సూక్ష్మజీవి వేరు, చేసే పని అదే. కాబట్టి ఒట్టి ఇసుకలో కూడా తన ఎరువు తానే తెచ్చుకుంటుంది. మన ఊళ్ళ మీదుగా పోయే మద్రాసు, కలకత్తా రైలు మార్గం 1890లలో పడింది. అంటే ఈ చెట్టు మన కంటే ముందే రైలెక్కిందన్నమాట.

ఇక అసలు విషయం. ఏ కట్టె మంచిది?

అడితికి వచ్చినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఇదే. చింత మంచిదా, సరుగుడు మంచిదా, జీడి మంచిదా? మా నాన్న ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పేవాడు, ఆ రోజు ఏది ఎక్కువ నిల్వ ఉంటే అది మంచిది. తప్పు లేదు, వ్యాపారం. ఇప్పుడు నేను అడుగుతాను. కిలో ఎండు బూరుగు, కిలో ఎండు సరుగుడు. ఏది ఎక్కువ వేడినిస్తుంది? సరుగుడు అనేగా? కాదు. దాదాపు సమానం. కిలోకు కిలో తూచితే, బాగా ఎండినప్పుడు, ఏ చెట్టు కట్టె అయినా ఇంచుమించు అంతే వేడి. గాలికి ఆరిన కట్టె కిలోకు పొయ్యిలో చేతికందేది సుమారు 4,000 కిలో కేలరీలు అనుకోండి. చెట్టుకూ చెట్టుకూ ఆ తేడా కొంచెమే.

మరి తేడా ఎక్కడ? చోటులో. ఒక కిలో బూరుగు మీ ఒళ్ళో నిండుగా ఉంటుంది, ఒక కిలో సరుగుడు రెండు చేతుల్లో ఇమిడిపోతుంది. పొయ్యి నోరు ఇంతే కదా? ఆ ఇంతలో ఎంత నిప్పు పడుతుందన్నదే లెక్క. చిక్కటి కట్టె చిన్న చోటులో ఎక్కువ సేపు మండుతుంది, దాని కణికలు గట్టిగా నిలుస్తాయి. మా నాయనమ్మ రాత్రి పొయ్యిలో మూడు సరుగుడు కణికలు పక్కకు లాగి, పైన బూడిద కప్పేది. తెల్లారి నాలుగింటికి ఊదుగొట్టంతో రెండుసార్లు ఊదితే నివురు ఎగిరి ఎర్రగా కన్ను తెరిచేవి. అగ్గిపుల్ల ఖర్చు లేదు. జీడికట్టె కణికలతో అది సాగదు, తెల్లారేసరికి ఒట్టి బూడిద.

ఇన్ని సుగుణాలున్నాయి. వీటికి తోడు ఇంకొకటుంది. దీన్ని పచ్చిగా కూడా మండించవచ్చు. అప్పుడే నరికింది కూడా, కాస్త సతాయించి, కాస్త పొగ చిమ్మి, అంటుకుంటుంది. పచ్చి చింత మొద్దును అలా మండించండి చూద్దాం, సాయంత్రానికి మీరు నల్లబడతారు, అది నల్లబడదు. సరుగుడు మాత్రం మండుతుంది. ఈ ఒక్క గుణం వల్లే మన తీరం చెడింది. ఇందాక ప్రతినాయకుడన్నది ఇందుకే.

మా ఇంటి సంగతి చెబుతాను. అడితిలో వెనక వరుసలు ఏడాది నాటివి, బాగా ఎండినవి. అవి పెళ్ళిళ్ళ వంటవాళ్ళకూ, మిఠాయి దుకాణాలకూ. వాళ్ళు తెలిసినవాళ్ళు, పచ్చికట్టె ఇస్తే మళ్ళీ రారు. ముందు వరుసలు నిన్నా మొన్నా బండి దిగినవి, మామూలు జనానికి. మరి మా ఇంటికి? బండి దించేటప్పుడు విరిగినవీ, బెరడు ఊడినవీ, అమ్మకానికి రానివీ, పచ్చివి. మా అమ్మ అడిగేది, "వెనక వరుసలోంచి ఒక మోపు ఇవ్వొచ్చు కదా" అని. మా నాన్న జవాబు ఒకటే. "సరుగుడే కదా, పచ్చిదైనా మండుతుందిలే." నేను ఆ మాట ఎన్ని వందల సార్లు విన్నానో. పచ్చిదైనా మండుతుందిలే. మండేది, నిజమే. వంటింటి పెంకుల లోపలివైపు నల్లగా, జిగురుగా మసి పట్టి బొట్లు బొట్లుగా కారేది. మా అమ్మ కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. ఆమె దగ్గు వింటే పొయ్యి వెలిగిందని తెలిసేది మాకు. ఆమె యాభై ఏళ్ళకే ఆయాసంతో నాలుగు మెట్లు ఎక్కలేకపోయింది. డాక్టరుగారు, "బీడీలు తాగుతారా అమ్మా?" అని అడిగారు. ఆమె నవ్వింది.

మా నాన్న చెడ్డవాడు కాదు. ఆయనకు లెక్క తెలియదు, అంతే. నాకు తెలిసీ చాలా ఏళ్ళు ఆ లెక్క వేయలేదు. ఇప్పుడు వేద్దాం.

ఈ కర్ర చూడండి. మే నెలలో మా తోటలో కొట్టించాను. ఆ రోజు తూచితే 1,400 గ్రాములు. ఇవాళ పొద్దున తూచాను, 900 గ్రాములు. పోయిన 500 గ్రాములు ఏమిటి? నీళ్ళు. అరలీటరు నీళ్ళు! తూకానికి కొనేవాళ్ళు ఇక్కడొకసారి ఆలోచించండి, పచ్చికట్టె కొంటే మీరు కట్టె ధర పెట్టి నీళ్ళు కొన్నారు. అడితి కొడుకుగా చెబుతున్నాను, ఇది మా ఇంటి రహస్యం.

సరే, పచ్చిగానే పొయ్యిలో పెట్టామనుకోండి. ఆ అరలీటరు ఆవిరైపోవాలి. ముప్పై డిగ్రీల దగ్గరి నీళ్ళు మరగడానికి 35 కిలో కేలరీలు, మరిగినవి ఆవిరవడానికి మరో 270. మొత్తం 305. ఈ కర్రలో ఉన్న వేడి 900 గ్రాములకు 3,600. అంటే నీళ్ళు తిన్నది పన్నెండింట ఒక వంతు! ఓస్, ఇంతేనా అనిపించడం లేదూ? నాకూ అనిపించింది. ఇంత చిన్న నష్టానికా మా అమ్మ కళ్ళు పోయినంత పనైంది? ఎక్కడో లెక్క తప్పిందనుకున్నాను. లెక్క తప్పలేదు. నేను చూడాల్సినచోట చూడలేదు.

మంట అంటే ఏమిటి? కట్టె మండుతోంది అంటాం. నిజానికి కట్టె మండదు. కట్టె వేడెక్కి వాయువు వదులుతుంది, ఆ వాయువు మండుతుంది. మీరు జాగ్రత్తగా చూడండి, మంట కట్టెను అంటుకుని ఉండదు, సన్నటి సందు వదిలి పైన ఆడుతుంటుంది. ఎండుకట్టె బరువులో ముప్పాతిక వంతు ఇలా వాయువుగా పోయేదే. మిగిలిన పావు బొగ్గు, ఎర్రటి కణిక. ఇప్పుడు, ఆ వాయువు అంటుకోవాలంటే ఐదారు వందల డిగ్రీల వేడి కావాలి. కట్టెలో నీళ్ళున్నంత సేపు ఆ చోటు వంద డిగ్రీల దగ్గరే మొరాయిస్తుంది. నీళ్ళు నిప్పును చల్లబరుస్తూనే ఉంటాయి. ఒక పక్క వాయువు బయటికొస్తుంది, అంటుకునే వేడి లేదు. అప్పుడు అది ఏమవుతుంది? అంటుకోని వాయువుకే పొగ అని పేరు. మా వంటింటి పెంకుల మీద జిగురుగా కారినది మసి కాదండీ, మండకుండా పారిపోయిన కట్టె! సగం కట్టె మా అమ్మ ఊపిరితిత్తుల్లోకీ పెంకుల మీదకీ పోయింది. నీళ్ళు తిన్న పన్నెండో వంతు గురించి నేను లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను.

అందుకే ఏ కట్టె మంచిది అంటే నా జవాబు, చెట్టు పేరు చెప్పను, ఎప్పుడు కొట్టారు అని అడుగుతాను. ఎండిన మామిడి పచ్చి సరుగుడు కంటే మంచిది. ఎండిన కొబ్బరి మట్ట కూడా మంచిదే. పచ్చిగా మండకపోవడమే మిగతా చెట్ల మంచితనం. చింతకట్టె కొన్నవాడు ఎండబెట్టక తప్పదు. కొండ ఊళ్ళలో, మందస వైపూ సీతంపేట వైపూ, ఇంటి చూరు కింద ఏడాది కట్టెలు వరుసగా పేర్చి ఉండటం చూడలేదూ మీరు? అక్కడ సరుగుడు లేదు. అడవి కట్టె ఎండితేగాని మాట వినదు, కాబట్టి ఎండబెట్టడం ఇంటి అలవాటైంది. మనకు సరుగుడు ఉంది, మనం సోమరులమయ్యాం.

తుపాను నేర్పిన సంగతి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ వచ్చింది. మీలో ఎవరూ మరిచిపోయి ఉండరు, నవరాత్రులు మొదలైన మర్నాడు. వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటింది. తెల్లారి బయటకు వస్తే ఊరు ఊరులా లేదు. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస, కనుచూపు మేర నేల మీద పడుకున్నాయి. కరెంటు లేదు. గ్యాసు బండి రావడానికి దారి లేదు, దారి నిండా చెట్లే. బడిలో అందరికీ కలిపి వండుదామన్నారు. కట్టెలకేం కొదవ? ఊరంతా కట్టెలే. ఒక్కటీ ఎండుది లేదు, అంతే.

అప్పుడు వచ్చాడండీ ఒక పెద్దాయన. పెళ్ళిళ్ళకు వండేవాడు, మా నాన్న అడితికి పాత ఖాతాదారు. మేమంతా గాడిపొయ్యి తవ్వి, దగ్గర్లో పడి ఉన్న జీడికొమ్మలు లాక్కొచ్చి నింపాం. ఆయన చూసి ఒక్క మాట అనలేదు, అన్నీ తీసి పక్కన పారేశాడు. సరుగుడు ఎక్కడ పడిందో చూపించమన్నాడు. చూపిస్తే, లావు దుంగల జోలికే పోలేదు. మణికట్టు లావువి నరికించాడు. వాటిని మళ్ళీ నిలువునా చీల్పించాడు, పేళ్ళు పేళ్ళుగా, బొటనవేలి లావుకు. బెరడు ఒలిపించాడు. మాకు విసుగు, పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు, ఈయనేమో కూరగాయలు తరిగినట్టు కట్టెలు తరిగిస్తున్నాడు. ఒక పూరిపాక కూలితే, దాని చూరులోంచి పొడిగా ఉన్న తాటాకులు, వెదురు లాగించాడు. వాటితో రాజేశాడు. పొయ్యి వెలిగాక, రెండో విడత పేళ్ళను గాడికి రెండు పక్కలా కంచెలా నిలబెట్టాడు, నిప్పు తగలకుండా సెగ తగిలేటట్టు. మొదటి అన్నం దిగేసరికి రెండో విడత కొసల్లోంచి నీళ్ళు బుసబుసమంటూ నురగ కక్కాయి. అది నా కళ్ళతో చూశాను, కట్టె కొసన నురగ, టీ మీద నురగలాగా. మూడో విడతకు పొగ చాలా తగ్గింది.

"పచ్చిదైనా మండుతుందంటారు కదా తాతా, ఇంత శ్రమ ఎందుకు?" అని ఒక కుర్రాడు అడిగాడు. ఆయన అన్నదేమిటంటే, "మండుతుంది బాబూ, అన్నం ఉడకొద్దూ?" అని. నలభై ఏళ్ళు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి, ఆ పూట నోరు మూసుకుని కట్టెలు చీల్చాను.

గ్యాసు లెక్క చెబుతానన్నాను కదూ? మన ఇచ్ఛాపురం దగ్గర ఈదుపురంలోనే 2024 నవంబరు 1న దీపం రెండో పథకం మొదలైంది, ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. అంతకు ముందు 1999లో మొదటి దీపం, 2016లో ఉజ్వల. మంచి పని, నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. మా అమ్మ కాలానికి రాలేదన్నదే బాధ. ఒక సిలిండరులో 14.2 కిలోల గ్యాసు. కిలోకు సుమారు 11,000 కిలో కేలరీలు, అందులో గిన్నెకు చేరేది నూటికి అరవై పాళ్ళు. మరి మూడు రాళ్ళ పొయ్యిలో? ఎనిమిదింట ఒక వంతు చేరితే గొప్ప, మిగతా ఏడు వంతులు గాలికి. గుణిస్తే, ఒక సిలిండరు చేసే పనికి ఎండుకట్టెలు సుమారు 190 కిలోలు కావాలి. ఎండువి అంటున్నాను, పచ్చివైతే ఆ లెక్క నేను వేయను. 190 కిలోలంటే ఎన్ని తలమోపులు? మోసినవాళ్ళు ఈ పక్క కూర్చున్నారు, వాళ్ళనడగండి. ఆ పక్క కూర్చున్న మగవాళ్ళను అడగడం దండగ.

అయినా ఇళ్ళలో కట్టె పోలేదు. స్నానాల నీళ్ళ పొంత కట్టెదే. పశువుల కుడితి కాచేది కట్టెల మీదే. పెళ్ళి వంట, దినం వంట, అమ్మవారి సంబరాల వంట కట్టెల మీదే. అన్నానికి గ్యాసు, నీళ్ళకు కట్టె, ఇది మన ఇళ్ళ పద్ధతి. పెరట్లో పొయ్యి కదా, పొగ వస్తే ఏం అంటారు. ఆ పొయ్యి దగ్గర పొద్దున్నే కూర్చునేది ఎవరు? మీరా?

ఇంకొక సంగతి, ఇది ఊరికే చెప్పడం లేదు. బాలింత గదిలో తలుపులు బిగించి కుంపటి పెడతారు, చలికాలం ముసలివాళ్ళ గదిలోనూ పెడతారు. బొగ్గు కదా, పొగ రాదు కదా అంటారు. పొగ రాదు. రంగూ వాసనా లేని విషవాయువు వస్తుంది, కార్బన్ మోనాక్సైడ్. నిద్రలోనే మనిషి పోతాడు, దగ్గు కూడా రాదు. సాంబ్రాణి వేసుకోండి, కానీ తలుపు తీసి ఉంచండి, పడుకునే ముందు కుంపటి బయట పెట్టండి. అలాగే పాత తలుపులు, రంగు వేసిన చెక్కలు, ప్లైవుడ్డు ముక్కలు పొయ్యిలో పెట్టకండి. జీడిపిక్కల తొక్కు కూడా ఇంటి పొయ్యిలో వద్దు. ఆ తొక్కులో ఉండే నూనె చేతికి తగిలితేనే బొబ్బలెక్కుతుంది, పలాసలో పిక్క కొట్టే అమ్మలకు నేను చెప్పాలా? దాని పొగ కళ్ళకూ గొంతుకూ ఏం చేస్తుందో ఆలోచించండి.

ఎండబెట్టడం

ఇది పెద్ద విద్య కాదు. కానీ నూటికి తొంభై ఇళ్ళలో తప్పుగా చేస్తారు. తోట నరకడం మాఘ ఫాల్గుణాల్లో పెట్టుకోండి, ముందు ఎండలున్నాయి. కాగితం మిల్లులకు, రాజమహేంద్రవరం వైపూ రాయగడ వైపూ పోయే కర్ర ఎలాగూ పోతుంది. తోట నిలబడి ఉండగానే బేరమైపోతుంది. మూడు నాలుగేళ్ళకే నరికేస్తున్నారు, ముదరడం లేదు. అందుకే ఇప్పటి సరుగుడు మా నాన్న నాటి సరుగుడంత చిక్కగా ఉండదు, లేత కర్ర. మనకు మిగిలేది కొసలు, వంకరలు, తవ్వి తీసిన మొదళ్ళు. ముందుగా, కర్ర ఇంటికి రాగానే చీల్చండి. పచ్చిగా ఉన్నప్పుడే చీలుతుంది, ఎండాక గొడ్డలి ఎగిరి మీ మీదకే వస్తుంది. నీళ్ళు బెరడులోంచి బయటికి రావు, కర్ర కొసలనుంచీ చీల్చిన ముఖంనుంచీ వస్తాయి. చీల్చని దుంగ రెండేళ్ళున్నా లోపల పచ్చిగానే ఉంటుంది.

తర్వాత, నేల మీద పేర్చకండి. కింద రెండు రాళ్ళు, వాటి మీద రెండు కర్రలు, వాటి మీద అడ్డంగా ఒక వరుస, నిలువుగా ఒక వరుస. మధ్యలో గాలి ఆడాలి. ఒక చిన్న పిల్లి దూరి పోయేంత సందులున్నా నష్టం లేదు. పైన మాత్రం కప్పండి, తాటాకు గానీ రేకు గానీ. పక్కలు కప్పకండి! వర్షం వస్తుందని టార్పాలిను తెచ్చి, పెళ్ళికూతురికి చీర చుట్టినట్టు చుట్టూ చుట్టి కట్టేస్తారు. లోపల ఆవిరి ఎటు పోతుంది? నెల తర్వాత విప్పితే కుక్కగొడుగులు. పక్కనుంచి జల్లు కొడితే పై తడి రెండు రోజుల్లో ఆరుతుంది, లోపలి తడి వేరు, దానికి నెలలు కావాలి. వేసవి మొత్తం దొరికితే పేళ్ళకు నాలుగైదు నెలలు చాలు.

ఒక మాట, తీరం వెంబడి అటవీ శాఖ వేసిన సరుగుడు పట్టీ జోలికి మాత్రం పోకండి. అది సముద్రపు గాలికీ ఎగిరే ఇసుకకూ మన పొలాలకూ మధ్య నిలబడి ఉంది. కింద రాలిన సరుగుడాకు రాజెయ్యడానికి ఊడ్చుకెళ్తున్నారు, సరే. మొత్తం అద్దంలా ఊడ్చేయకండి, ఆ ఇసుకకు ఉన్న ఎరువు అదొక్కటే.

ఎండిందో లేదో ఎలా తెలుస్తుంది? బెరడు వదులవుతుంది. కొసన చక్రం ఆకుల్లా నెర్రెలు విచ్చుతాయి. కానీ మా నాన్న వీటిలో ఏదీ చూసేవాడు కాదు. రెండు కర్రలు తీసి ఒకదానితో ఒకటి కొట్టి, చెవి వంచి వినేవాడు. గుడి గంట విన్నట్టు వినేవాడు. ఆ చెవి ఉండి కూడా, మా ఇంటికి... సరే, ఆ మాట అయిపోయింది.

రా తల్లీ, నువ్వు, రెండు జడల అమ్మాయీ. ఈ రెండు కర్రలు తీసుకో. ఒకటి మేలో కొట్టింది, ఒకటి నిన్న సాయంత్రం కొట్టింది. ఏది బరువుగా ఉంది? అదీ. ముందు ఈ ఎండుదాన్ని బల్ల అంచుకు వేసి కొట్టు. విన్నారా? ఠంగుమంది. ఇప్పుడు ఆ పచ్చిదాన్ని కొట్టు. మళ్ళీ కొట్టు, వెనక వరుసకు వినబడలేదు. ఊఁ. తడి బట్ట బండకేసి కొట్టినట్టు లేదూ?

ఆ పచ్చిదాన్ని నువ్వు ఇంటికి తీసుకెళ్ళు. కిరాణా దుకాణంలో తూచి, బరువు దాని మీదే బొగ్గుతో రాయి. ఎండ తగిలేచోట, వాన తడపనిచోట పెట్టు. పదిహేను రోజులకొకసారి తూచి ఒక పుస్తకంలో రాసుకో. సంక్రాంతికి నేను వచ్చి అడుగుతాను. మీ అన్నయ్య దాన్ని భోగి మంటలో వేస్తానంటే మాత్రం ఇవ్వకు, ఇంకా ఎండదు. మాస్టారిదని చెప్పు.

అయ్యా, ఇక ఆ బిస్కెట్లు తెప్పించండి. పిల్లలు నన్ను చూసే చూపు బాగాలేదు.